సీఎస్ఎస్ మొదటి నుంచి చెప్పాలి, దేన్ని పట్టుకోవాలి?

తుంగభద్ర_ఒడ్డున · కర్నూలు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను కర్నూలు సీ క్యాంపు దగ్గర ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో సాయంత్రం బ్యాచ్‌లకు పాఠాలు చెప్తాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వెబ్ డిజైన్ బ్యాచ్ మొదలు, వెబ్ పేజీ ఎలా కనపడాలో చెప్పే సీఎస్ఎస్ భాష నేర్పాలి. 18 మంది పిల్లలు, 14 సిస్టమ్‌లు, ఆరు వారాలు, రోజుకు గంటన్నర. డిగ్రీ వాళ్లు సగం, పాలిటెక్నిక్ వాళ్లు సగం. ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లే.

పోయిన బ్యాచ్‌కు నేను చెప్పిన పద్ధతి నాకే నచ్చలేదు. కలర్, ఫాంట్, బార్డర్, బ్యాక్‌గ్రౌండ్ అని ప్రాపర్టీలన్నీ ఎక్కాల్లా వల్లె వేయించాను. టెస్ట్ పెడితే మార్కులు బాగానే వచ్చాయి. 'మీ ఊరి గురించి ఒక పేజీ చేసుకుని రండి' అంటే మాత్రం ఒక్కరిదీ నిలబడలేదు. మెనూ ఒక మూల, కొండారెడ్డి బురుజు ఫోటో ఇంకో మూల. "మేడం, ఈ లింకుకు విడ్త్ 200 ఇచ్చినా పెరగట్లేదు" అని ఒకమ్మాయి అడిగింది. నేను స్క్రీన్ వైపు చూస్తూ నిలబడ్డాను తప్ప జవాబు తట్టలేదు. రాత్రి అంట్లు తోముతుంటే గుర్తొచ్చింది, లింకు ఇన్‌లైన్ ఎలిమెంట్, అంటే వరసలో మాటలా ఒదిగేది కదా, దానికి విడ్త్ పట్టదు అని. మరుసటి రోజు చెప్పాను గానీ ఆ నిమిషం పడిన సిగ్గు ఇంకా పోలేదు.

నా పునాది గట్టిపడాలంటే నేను చదవాల్సింది ఏది? పిల్లల చేతికి ఇవ్వదగ్గది ఏది? సెంటర్లో సాయంత్రమైతే నెట్ నత్తనడక. అదీ చూసుకుని చెప్పండి.

కారందోశ · కడప · సోమవారం, రాత్రి 10:40

మేడం, లింకులే కావాలంటే నలభై ఇస్తాను. అన్నీ నా బుక్‌మార్కుల్లో ఉన్నాయి, సగం నేనే తెరిచి చూడలేదు. సంతలో కనపడిన కూరగాయలన్నీ కొనేసి ఫ్రిజ్‌లో కుళ్లబెట్టడం మన అందరికీ ఉన్న జబ్బే. నిజంగా వండుకుని తిన్నవే చెప్తాను.

మీకైతే రెండు చాలు. మొజిల్లా వాళ్ల ఎండీఎన్ ఒకటి, గూగుల్ వాళ్ల వెబ్ డాట్ డెవ్‌లో ఉన్న లెర్న్ సీఎస్ఎస్ ఒకటి. రెండూ ఉచితం. రెండో దాంట్లో పాఠాల వరుస చూడండి. బాక్స్ మోడల్ (పెట్టె కొలతల లెక్క), సెలెక్టర్లు (స్టైలు దేనికో ఎంచుకునేవి), క్యాస్కేడ్ (ఏ రూలు నెగ్గాలన్న తీర్పు), స్పెసిఫిసిటీ (సెలెక్టర్ బలం), ఇన్‌హెరిటెన్స్ (పైదాని నుంచి లోపలిదానికి దిగడం) ముందు పెట్టారు. రంగులూ నీడలూ తర్వాత. మీరు పోయిన బ్యాచ్‌కు తలకిందులుగా చెప్పారు, అంతే. ప్రాపర్టీ పేరు మర్చిపోతే వెతుక్కోవచ్చు. ఈ ఐదూ తెలియకపోతే ఏం వెతకాలో కూడా తెలియదు.

ఎండీఎన్‌ను నవలలా మొదటి నుంచి చదవబోకండి, అది నిఘంటువు. అందులో లెర్న్ అనే భాగం మాత్రం పాఠంలా నడుస్తుంది.

పిల్లలకు ఆటలు ఇవ్వండి. సెలెక్టర్లకు సీఎస్ఎస్ డైనర్, 32 మెట్లు, బల్ల మీది ప్లేట్లూ ఆపిళ్లూ ఎంచుకోవాలి. పెట్టెల్ని వరసగా సర్దే ఫ్లెక్స్‌బాక్స్‌కు ఫ్రాగీ, 24 మెట్లు, కప్పల్ని ఆకుల మీదికి చేర్చాలి. గళ్లుగా సర్దే గ్రిడ్‌కు గ్రిడ్ గార్డెన్, 28 మెట్లు, క్యారెట్ మడికి నీళ్లు పెట్టాలి. మన సీమ పిల్లలకు నీళ్లు పెట్టడం ఒకరు నేర్పాలా?

అయితే ఆట ఆడితే ఫ్లెక్స్‌బాక్స్ వచ్చేసిందని మోసపోకండి. ఆటలో పెట్టెలు వాడే ఇస్తాడు. సొంత పేజీలో ఏది పెట్టె, ఏది పెట్టెలో వస్తువు అని తేల్చుకోవడమే అసలు తిప్పలు.

షార్ట్‌కట్_సుల్తాన్ · నంద్యాల రోడ్డు, కర్నూలు · మంగళవారం, ఉదయం 7:55

ఇంత కష్టం ఎందుకండీ? ముందే రాసిపెట్టిన సీఎస్ఎస్ మూట బూట్‌స్ట్రాప్ 2011 నుంచి ఉంది. ట్యాగులకు రో, కాల్ అని క్లాసులు, అంటే గుంపు పేర్లు, రాస్తే పేజీ దానంతటదే నిలబడుతుంది. ఉన్నవి ఆరు వారాలు. ఉద్యోగానికి పనికొచ్చేది చెప్పాలి గానీ బాక్స్ మోడల్ పురాణం ఎందుకు? అది సరిగ్గా తెలియకుండానే నేను మూడేళ్లు పని చేశాను.

కారందోశ · కడప · మంగళవారం, ఉదయం 8:10

ఆ మూడేళ్లలో, రూలును బలవంతంగా నెగ్గించడానికి ఇంపార్టెంట్ అని ఎన్నిసార్లు రాసి ఉంటావన్నా?

షార్ట్‌కట్_సుల్తాన్ · నంద్యాల రోడ్డు, కర్నూలు · మంగళవారం, ఉదయం 8:14

లెక్కపెట్టలేదు.

కారందోశ · కడప · మంగళవారం, ఉదయం 8:15

అందుకే అడిగింది.

ధర్మవరం_పన్నా · బెంగళూరు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. నేనిప్పుడు బెంగళూరులో ఫ్రంట్ ఎండ్ పని చేస్తున్నా. నాకు బాక్స్ మోడల్ అర్థమైంది మా నాయన మగ్గం దగ్గరే, అదీ ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు.

చీర పన్నా (వెడల్పు) 48 అంగుళాలు అంటే అంచులు కలిపే 48. పై అంచు 4, కింది అంచు 8 పెట్టించుకుంటే నడుమ ఒడలు 36 మిగులుతుంది. అంచు పెరిగితే ఒడలు తగ్గుతుంది, పన్నా పెరగదు. సీఎస్ఎస్ మామూలుగా ఇలా లెక్కపెట్టదు. దాని దృష్టిలో విడ్త్ అంటే ఒడలు మాత్రమే. విడ్త్ 300 పిక్సెళ్లు పెట్టి, చుట్టూ పాడింగ్ (గీతకు లోపలి ఖాళీ) 20, బార్డర్ (గీత) 5 ఇస్తే ఆ పెట్టె స్క్రీన్ మీద 300 ఆక్రమించదు, 350 ఆక్రమిస్తుంది. రెండు ఇరవైలు, రెండు అయిదులు బయట చేరతాయి. 48 చీర అడిగితే 60 నేసి ఇచ్చినట్టు. బాక్స్ సైజింగ్‌ను బార్డర్ బాక్స్ అని మారిస్తే అప్పుడు మగ్గం లెక్కకు వస్తుంది.

అందరూ ఆ లైను ఫైలు మొదట్లోనే రాయించేస్తారు. రాయించండి, కానీ ఒక రోజు ఆగి. ముందు రోజు ఆ లైను లేకుండా చేయించి, 350 ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లచేతే వేళ్ల మీద లెక్కపెట్టించండి.

పెట్టె బయట వదిలే మార్జిన్‌కు చీర పనికిరాదు, చీనీ (బత్తాయి) తోటకు పోవాలి. చీనీ చెట్టు 'నా పక్కన 20 అడుగులు వదులు' అంటుంది. దాని పక్కన నిమ్మ చెట్టు '15 చాలు' అంటుంది. రెండింటి మధ్య 35 వదులుతామా? 20 వదిలితే ఇద్దరి మాటా చెల్లింది. ఒకదాని కింద ఒకటి వచ్చే పేరాగ్రాఫుల నిలువు మార్జిన్‌లూ అంతే, పెద్దది నిలుస్తుంది, చిన్నది అందులో కలిసిపోతుంది. ఫ్లెక్స్‌లోనో గ్రిడ్‌లోనో పెట్టిన పెట్టెల మధ్య మాత్రం కలవదు, అక్కడ 35 వస్తుంది. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు రెండో వారంలో మిమ్మల్నే పట్టుకుంటారు.

రాత్రి_డ్యూటీ · అనంతపురం · బుధవారం, తెల్లవారుజాము 3:20

నేర్పేవాళ్ల మధ్యలో నేర్చుకునేవాణ్ని దూరుతున్నా, ఏమనుకోవద్దు. క్లాక్ టవర్ దగ్గర ఒక చోట రాత్రి కాపలా పని నాది. ల్యాప్‌టాప్ కొని నాలుగు నెలలైంది. అంతకుముందు ఏడాదంతా ఫోన్లోనే, ఏకోడ్ అనే యాప్‌లో రాసి చూసుకునేవాణ్ని.

ఫ్రీకోడ్‌క్యాంప్‌లో మొదలుపెట్టాను. అక్కడ ఒక్కో మెట్టుకూ ఏం రాయాలో చెప్పి రాయిస్తారు. పిల్లి ఫోటోల పేజీ, కాఫీ కొట్టు మెనూ, అన్నీ టిక్కులు పడ్డాయి. వచ్చేసిందనుకున్నా. ఖాళీ ఫైలు తెరిస్తే చెయ్యి ఆడలేదు. అది వాళ్ల తప్పు కాదు. నేను రాయలేదు, వాళ్లు చెప్పింది దిద్దాను.

అప్పుడు ఒక పని చేశా. ఆ కాఫీ కొట్టు మెనూనే మూసేసి, మా వీధి చివర ఉగ్గాని బజ్జీ బండి మెనూగా మళ్లీ నా అంతట నేను రాశా. మొదటిసారి మూడు రాత్రులు పట్టింది. రెండోసారి ఒక రాత్రి. నాలుగోసారికి టీ చల్లారేలోపు అయిపోయింది. ఎక్కడ ఆగిపోయానో అది మాత్రమే ఎండీఎన్‌లో చదివా. ఇంగ్లీషు కష్టమే, కానీ ఆగిపోయి చదివితే ఒక్క పేరా చాలు, పేజీ అక్కర్లేదు.

వీడియోల్లో కెవిన్ పవెల్ ఛానల్ ఒక్కటే నిలిచింది. స్పీడు 0.75 పెట్టుకుని, కింద అక్షరాలు వేసుకుని చూస్తా. ఆయన తప్పు చేసి, అది ఎందుకు తప్పయిందో చూపిస్తాడు. తెలుగులో కూడా వీడియోలు చాలా ఉన్నాయి. మొదటి రోజు భయం పోవడానికి మంచివే. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం ప్రాపర్టీ జాబితా దగ్గరే ఆగాయి.

మేడం, మీ క్లాసులో పిల్లలకు ఖాళీ ఫైలు ఇవ్వండి. అదొక్కటే అడుగుతా.

తుంగభద్ర_ఒడ్డున · కర్నూలు · బుధవారం, రాత్రి 9:50

రాత్రి డ్యూటీ అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఉగ్గాని మెనూ ఖాయం, మా క్లాసు ప్రాజెక్టు అదే.

పన్నా అన్నా, చీర లెక్క రేపే ఒకసారి బోర్డు మీద వేసి చూస్తా. ఒక సందేహం. స్పెసిఫిసిటీ దగ్గర పిల్లలకు సున్నా, ఒకటి, సున్నా అని అంకెలు చెప్తే కళ్లు తేలేస్తున్నారు. పది క్లాసులు కలిపితే, ఒక్క ఎలిమెంటుకే పెట్టే పేరు ఐడీ ఉంది కదా, దానితో సమానం అని పోయినసారి నేనే చెప్పాను. సరేనా? ఇంకొకటి, డబ్ల్యూ3స్కూల్స్ ఇవ్వొచ్చా? వద్దని కొందరు గట్టిగా అంటున్నారు.

పాత_మానిటర్ · కడప · గురువారం, ఉదయం 6:05

అమ్మా, పది క్లాసులు కలిస్తే ఒక ఐడీ అన్నది పాత అపోహ. పదకొండు కలిసినా కాదు. అవి ఒకట్లు, పదులు, వందలు కావు, వేర్వేరు అంతస్తులు. మనూళ్లో పదిమంది వీఆర్వోలు కలిసి సంతకం పెట్టినా తహసీల్దారు ఒక్క సంతకానికి సాటిరాదు కదా. ట్యాగు పేరు వీఆర్వో కింద పనిచేసే తలారి, క్లాసు వీఆర్వో, ఐడీ తహసీల్దారు, ట్యాగులోనే రాసిన స్టైలు కలెక్టరు. ఒకే హోదా వాళ్లు ఇద్దరు తలో మాట చెప్తే చివర సంతకం పెట్టిన వాడిది చెల్లుతుంది, అంటే ఫైల్లో కింద రాసింది. ఇంపార్టెంట్ అంటే కోర్టు స్టే. ఒకసారి తెచ్చుకుంటే దాన్ని ఎత్తేయడానికి ఇంకో స్టే కావాలి. షార్ట్‌కట్ నాయనకు ఇది అనుభవమే అనుకుంటా.

అసలు ఈ పేచీ తీర్చడానికే సీఎస్ఎస్ పుట్టింది. 1994 అక్టోబరులో హోకోన్ వియమ్ లీ సెర్న్ పరిశోధన కేంద్రంలో ఉన్నప్పుడు మొదటి ప్రతిపాదన రాశాడు, తర్వాత బెర్ట్ బాస్ కలిశాడు, 1996 డిసెంబరులో సీఎస్ఎస్ 1 ప్రమాణంగా వచ్చింది. పేజీ రాసినవాడి ఇష్టం ఒకటి, చదివేవాడి ఇష్టం ఒకటి, బ్రౌజర్ అలవాటు ఒకటి. మూడూ ఒకే అక్షరం మీద పడితే ఎవరి మాట నెగ్గాలి? క్యాస్కేడ్ అన్న పేరు ఆ తీర్పుదే. పిల్లలు 'క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్' అన్న పేరులోని మొదటి మాటనే వదిలేసి స్టైలు మాత్రం నేర్చుకుంటున్నారు.

ఇన్‌హెరిటెన్స్‌కు నేను క్లాసులో ఇలా చెప్పేవాణ్ని. తండ్రి పోలిక బిడ్డకు వస్తుంది, తండ్రి ఇంటి ప్రహరీ బిడ్డ చుట్టూ రాదు. అక్షరాల రంగు, ఫాంటు దిగుతాయి. బార్డర్, మార్జిన్, పాడింగ్ దిగవు.

డబ్ల్యూ3స్కూల్స్ మీద పాత కోపాలు చాలా ఉన్నాయి, అప్పట్లో తప్పులూ ఉండేవి. ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీకి దానికీ సంబంధం లేదని మాత్రం పిల్లలకు చెప్పండి, పేరు చూసి పొరబడతారు. అక్కడే రాసి అక్కడే చూసుకునే సౌకర్యం కొత్తవాళ్లకు మేలే. ఇవ్వండి.

ఇంకొకటి చూపించండి, సీఎస్ఎస్ జెన్ గార్డెన్. 2003లో డేవ్ షే మొదలుపెట్టాడు. పేజీలో ఉండే సరుకు, అంటే హెచ్‌టీఎంఎల్, ఒక్కటే, దాన్ని ముట్టుకోకూడదు, స్టైల్ ఫైలు మాత్రం మార్చాలి. అదే పేజీ పది రకాలుగా కనపడుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అందులోని కోడ్ మాత్రం చదివించకండి. చాలావరకు ఫ్లెక్స్‌బాక్స్ రాకముందు పద్ధతులు, పిల్లలకు లేనిపోని అలవాట్లు అవుతాయి.

ధర్మవరం_పన్నా · బెంగళూరు · గురువారం, మధ్యాహ్నం 2:10

వీఆర్వో లెక్క బాగుంది సార్, మా ఆఫీసులో వాడుకుంటా.

మేడం, అన్నిటికంటే పెద్ద వనరు మీ సెంటర్లోని 14 సిస్టమ్‌లలోనూ ఇప్పటికే ఉంది. ఎఫ్12 నొక్కితే వచ్చేది. ఏ రూలు ఓడిపోయిందో దాని మీద గీత కొట్టి చూపిస్తుంది, పెట్టె బొమ్మ గీసి అంకెలు వేసి మరీ చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్, ఇప్పటి క్రోమ్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, పనిచేయని ప్రాపర్టీని మసకగా చూపించి, పక్కన ఉన్న చిన్న గుర్తు మీద మౌస్ పెడితే కారణం కూడా చెప్తుంది. మీ విద్యార్థిని అడిగిన విడ్త్ సంగతి ఉంది చూడండి, 'ఇది ఇన్‌లైన్ కాబట్టి విడ్త్ పట్టదు' అని అదే చెప్పేది. మీకు అంట్ల దగ్గర ఆలోచించే పని తప్పేది.

నెట్ సమస్యకు డెవ్‌డాక్స్ చూడండి. ఎండీఎన్‌లోని సీఎస్ఎస్ సమాచారం అందులో ఉంటుంది, ఒకసారి ఆఫ్‌లైన్‌కు దించుకుంటే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది.

కారందోశ · కడప · గురువారం, రాత్రి 11:25

ఎవరూ చెప్పని ముచ్చట ఒకటి. ఉగ్గాని మెనూ తెలుగులో రాయిస్తారు కదా? అక్కడే అసలు పరీక్ష. ఇంగ్లీషు సైట్లన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని మనసులో పెట్టుకుని రాసినవి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. లైన్ హైట్ (వరస ఎత్తు) 1.2 ఇస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులతో కొట్లాడతాయి. నేను 1.6 నుంచి 1.8 మధ్య పెడతాను, ఫాంటును బట్టి. నోటో సాన్స్‌కు ఒకటి సరిపోతే రామభద్రకు సరిపోదు.

ఒకసారి ఒక బట్టల షాపు పేజీలో బటన్‌కు హైట్ 32 పిక్సెళ్లు బిగించి, మించింది దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టా. 'రాష్ట్రం' అన్న మాటలో కింది ఒత్తులు నరికినట్టు పోయాయి. ఓనరు ఫోన్ చేసి "తమ్ముడూ, అక్షరాలు మునిగిపోయినాయి" అన్నాడు. అప్పట్నుంచి హైట్ బిగించడం మానేసి పాడింగ్ ఇస్తున్నా.

లైన్ హైట్‌కు కొలత తగిలించకుండా అంకె మాత్రమే రాయించండి. బాడీకి, అంటే పేజీ మొత్తానికి, 150 శాతం అని రాస్తే, 16 పిక్సెళ్ల అక్షరానికి 24 అని అక్కడే లెక్క తేలిపోయి, లోపలి ఎలిమెంట్లకు ఆ 24 మాత్రమే దిగుతుంది. 32 పిక్సెళ్ల హెడ్డింగుకు కూడా 24. రెండు వరసల హెడ్డింగైతే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. 1.5 అని వట్టి అంకె రాస్తే ప్రతి ఎలిమెంట్ తన అక్షరం సైజుతో గుణించుకుంటుంది. పాత మానిటర్ సార్ చెప్పిన ఇన్‌హెరిటెన్స్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నిర్వాహకులు · శుక్రవారం, ఉదయం 10:00

ఫీజు కోర్సుల ప్రచారం చేస్తూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాం. చర్చ కొనసాగించండి.

షార్ట్‌కట్_సుల్తాన్ · నంద్యాల రోడ్డు, కర్నూలు · శుక్రవారం, సాయంత్రం 6:45

నిన్న మా ప్రాజెక్టు ఫైల్లో వెతికాను. ఇంపార్టెంట్ 212 సార్లు ఉంది. ఇంకేం మాట్లాడను. కానీ ఆరో వారంలోనైనా బూట్‌స్ట్రాప్ చూపించండి మేడం, ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారు.

తుంగభద్ర_ఒడ్డున · కర్నూలు · నాలుగు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:15

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు కాబట్టి ఏం జరిగిందో చెప్తాను.

మొదటి వారమంతా రంగులు లేవు. తెల్ల పేజీ, నల్ల గీతల పెట్టెలు. పిల్లలు విసుక్కున్నారు. ఇద్దరు మానేశారు కూడా, అందులో ఒకబ్బాయి 'పక్క సెంటర్లో మూడో రోజుకే వెబ్‌సైట్ చేయిస్తున్నారు' అని చెప్పి మరీ వెళ్లాడు. నాకు టెన్షన్ పట్టుకుంది, సెంటర్ ఓనరు మొహం చూడలేకపోయాను.

చీర లెక్క మాత్రం తిరుగులేదు. మా క్లాసులో తొమ్మిదిమంది ఆడపిల్లలు, 'పన్నా' అనగానే నాకంటే ముందే 350 చెప్పేశారు. మగపిల్లలకు చీనీ తోట ఎక్కింది. వీఆర్వో, తహసీల్దారు చెప్తే నవ్వి నవ్వి, మర్నాడు నుంచి ఎవరి కోడ్ పనిచేయకపోయినా "ఏమప్పా, నీ ఫైలు ఏ ఆఫీసులో ఆగింది?" అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

రెండో వారం ఉగ్గాని మెనూ ఫోన్లో చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. వ్యూపోర్ట్ మెటా ట్యాగు పెట్టడం నేనే మర్చిపోయాను. అది లేకపోతే ఫోను ఆ పేజీని కంప్యూటర్ పేజీ అనుకుని కుదించి చూపిస్తుందట. పెట్టాక అక్షరాలు పెద్దవయ్యాయి కానీ పేజీ పక్కకు జరుగుతోంది. ఈసారి నేను నోరు విప్పలేదు. ఎఫ్12 నొక్కమన్నాను. పదినిమిషాలకు ఒకమ్మాయి లేచి, "విడ్త్ 100 శాతం పెట్టి మళ్లీ పాడింగ్ 20 ఇచ్చాం మేడం, 40 పిక్సెళ్లు బయటికొచ్చింది. అంచు బయట నేశాం" అంది. పోయిన బ్యాచ్‌లో విడ్త్ గురించి అడిగిన పిల్ల చెల్లెలే ఈ అమ్మాయి.

ఫ్రాగీ మధ్యలో ఆపేశాను. పోటీ పడి మెట్లు ఎక్కుతున్నారే తప్ప ఎందుకు ఎక్కుతున్నారో చూడట్లేదు. రోజుకు మూడు మెట్లు, ఒక్కోదానికీ ఎందుకు అలా కదిలిందో తెలుగులో ఒక వాక్యం నోట్సులో రాయాలి అని షరతు పెట్టాక దారిలో పడ్డారు. తెలుగు మీడియం అని భయపడ్డది నేనే. మార్జిన్‌ను మార్జిన్ అనే అంటారు, కారణం మాత్రం తెలుగులో చెప్తే చాలు.

ఇప్పుడు ఒక చిక్కు. మెనూ పైన కొట్టు పేరు అతుక్కుని ఉండాలని పొజిషన్ స్టికీ, టాప్ 0 ఇచ్చాం. జరుగుతూ పోతోంది, అతుక్కోవట్లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా ఏమీ అనట్లేదు.

రాత్రి_డ్యూటీ · అనంతపురం · ఆదివారం, తెల్లవారుజాము 2:50

దాని పైన ఉన్న డబ్బాల్లో దేనికైనా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టారేమో చూడండి మేడం. పక్కకు జరగడం ఆపాలని ఎవరో ఒక పిల్లవాడు పెట్టి ఉంటాడు. స్టికీ ఆ డబ్బాకే కట్టుబడిపోతుంది, పేజీని పట్టించుకోదు. ఇదే తప్పు నేను చేసి రెండు రాత్రులు పోగొట్టుకున్నా.

తుంగభద్ర_ఒడ్డున · కర్నూలు · సోమవారం, రాత్రి 8:40

సరిగ్గా అదే. తీసేశాం, అతుక్కుంది. పెట్టినవాడు దొరికాడు, ఒప్పుకున్నాడు.

ఈరోజు గ్రిడ్ మొదలుపెట్టాను. ఎఫ్ఆర్ అంటే అన్నదమ్ముల పాలు అని చెప్పాను. బిగించిన వెడల్పులూ, మధ్య సందులూ ముందు తీసేసి, మిగిలింది ఒకరికి ఒక పాలు, ఇంకొకరికి రెండు పాళ్లు. గ్యాప్ అంటే ఏమిటని అడిగితే వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని అబ్బాయి చెయ్యెత్తాడు. వాళ్లది బేతంచెర్ల, వాళ్ల నాన్న ఇళ్లలో బండలు పరిచే పని చేస్తాడు. "బండకూ బండకూ మధ్య వదిలే సందు మేడం. గోడ పక్కన వదలరు, మధ్యలోనే వదుల్తారు" అన్నాడు. గ్యాప్ పెట్టె అంచుల్లో రాదు, లోపలి గళ్ల మధ్యే వస్తుంది అన్నది రేపటికి దాచుకున్న పాఠం. దాన్ని వాడే చెప్పేశాడు. రేపు వాడినే బోర్డు దగ్గరికి పిలుస్తున్నాను.